శిరస్సు నిలుచు చోటు

పసిబిడ్డను చేతులలోనికి తీసికొనునపుడు మన ఆడువారు ఒకరు చెప్పకుండగనే యొక పని చేయుదురు. ఒక అరచేతిని బిడ్డ మెడక్రిందికి చేర్చి తలకు ఆనిక యిత్తురు. తొలిసారి బిడ్డనెత్తుకొను తండ్రులకు మాత్రము ఈ సంగతి చెప్పవలసివచ్చును. “మెడ నిలువలేదు, జాగ్రత్త” యని అత్తగారో, అమ్మమ్మగారో ప్రక్కనుండి హెచ్చరింతురు. మూడవ నెల దాటి నాల్గవ నెల వచ్చుసరికి బిడ్డ మెడ నిలిపినదని ఇంటిల్లిపాదియు సంతోషింతురు. అయితే ఆ తల మెడపై నిలుచుటకు వలసిన కీలు ఎప్పుడు, ఎట్లు సిద్ధమైనదో విచారించువారు అరుదు. బిడ్డ పుట్టుటకు ఎనిమిది నెలలకు పూర్వమే, తల్లి తాను గర్భవతినని ఎఱుగకమునుపే, ఆ పని మొదలైనది. ఈ మాసము మేము దానినిగూర్చి వ్రాయదలచితిమి. వింత సంగతులు వినుటయందలి సంతోషము ఇందు ఎట్లును కలదు. దానితోబాటు, ముందుగా తెలిసికొనినచో మేలుచేయునదియు, ఆలస్యముగా తెలిసికొనినచో అక్కఱకు రానిదియు నగు విషయ మొకటి ఈ కథ నడుమ దాగియున్నది.

మొదట ఆ చోటెట్టిదో చూతము. పుఱ్ఱె యనగానే మనకు నుదురును, నడినెత్తియు, పసివారి మాడును తోచును. అది పైకప్పు. మెదడు కూర్చుండు పీట వేఱు. అది ముక్కు వెనుకనుండి మెడవఱకు వాలుగా పఱచియున్నది. దాని వెనుకభాగమున ఒక పెద్ద రంధ్రము కలదు. వైద్యులు దానిని మహారంధ్ర మందురు. మెదడు ఆ రంధ్రముగుండ క్రిందికి దిగి వెన్నుపాము అగుచున్నది. ఊపిరి నడపుచు, గుండెను అదుపులో నుంచు మెదడుభాగము సరిగా ఆ రంధ్రమునకు పైననే యున్నది. కాబట్టి ఆ గుమ్మము ఇరుకైనను, అచ్చటి ఎముకలు తప్పుకొనినను ప్రాణమునకే ముప్పు వచ్చును.

మహారంధ్రమున కిరువైపుల నున్నని మిట్టలు రెండు కలవు. అవి మొదటి వెన్నుపూసపై కూర్చుండును. ఆ పూసకు ఐరోపావారు అట్లాసు అని పేరు పెట్టిరి. వారి పురాణములలో అట్లాసు ఆకాశమును భుజములపై మోయువాడు. మనకు భూభారము వహించు ఆదిశేషుడెట్లో వారికి అతడట్లు. రెండవ పూసకు ఆక్సిసు అని పేరు. అనగా బండి యిరుసు. మేము దానిని ఇరుసుపూస యందుము. దానినుండి పంటివంటి కొన యొకటి నిలువుగా పైకి లేచి అట్లాసు ఉంగరములో దూరియుండును. అట్లాసు తలను మోసికొని ఆ కొనచుట్టు తిరుగును. “ఔను” అని తలను పైకి క్రిందికి ఊపునది తలకును అట్లాసునకును నడుమనున్న కీలు. “కాదు” అని అటునిటు త్రిప్పునది అట్లాసునకును ఇరుసుపూసకును నడుమనున్న కీలు. మెడ తిరుగుటలో సుమారు సగము ఈ యొక్క కీలువద్దనే జరుగును. ఔననియు కాదనియు తెలియకుండ తల నాడించు విద్య మనవారికి వేఱుగా నున్నది; దానికి మెడపూసలన్నియు తలా కొంత సాయపడవలసినదే.

తక్కిన పూసలకు ముందువైపున దిమ్మవంటి దేహము కలదు. అట్లాసునకు మాత్రము లేదు. అది వట్టి ఉంగరము. దాని దేహము ఏమైనదో పిండముయొక్క చరిత్రవలననే తెలియుచున్నది.

గర్భము నిలిచిన దినమునుండి లెక్కింతము. మూడవ వారమున పిండము పలుచని రేకువలె నుండును. దాని నడుమ నిడుపుగా దారమువంటి సన్నని కడ్డి యొకటి ఏర్పడును. శాస్త్రజ్ఞులు దానిని నోటోకార్డు అందురు. ఇల్లు కట్టు మేస్త్రీ మొదట త్రాడు లాగి గోడకు వరుస చూపునట్లు ఈ కడ్డి వెన్నునకు వరుస చూపును. దానికి ఇరుప్రక్కల సుమారు 20వ దినమునుండి చిన్నచిన్న ఖండములు జతలుజతలుగా పుట్టసాగును. మొదటి జత తలవైపున పుట్టును. తరువాతివి దాని క్రింద, దినమునకు సుమారు మూడు జతల చొప్పున. ఐదవ వారము ముగియునప్పటికి 42 మొదలు 44 జతలగును. వెన్నుపూసలును, ప్రక్కటెముకలును, వీపు కండరములును ఈ ఖండములనుండియే వచ్చుచున్నవి.

వీనిలో మొదటి నాలుగు జతలు పుఱ్ఱె వెనుకభాగమున కలియును. తరువాతి ఎనిమిది జతలు మెడవి. కాని మన మెడలో పూసలు ఏడు మాత్రమే. జిరాఫీ మెడలోను ఏడే, ఎలుక మెడలోను ఏడే. ఎనిమిదింటినుండి ఏడు వచ్చుట ఎట్లు? లెక్క తప్పిపోయినట్లు తోచును గాని తప్పలేదు. ఒక్కొక్క ఖండములో ఎముక కావలసిన భాగము పైసగము, క్రిందిసగము అని రెండుగా చీలును. ఒక ఖండము క్రిందిసగము దాని క్రిందనున్న ఖండము పైసగముతో కలిసి ఒక పూస యగును. గోడలో క్రింది వరుస యిటుకల అతుకుపై పైవరుస యిటుక నడిభాగము వచ్చునట్లు కట్టుట మనమెఱిగినదే, ఇదియు అట్టిదే. ఇందువలన ఒక ఖండమునుండి పుట్టిన కండరము రెండు పూసలకు అంటియుండును. అట్లు లేనిచో కండరము ముడుచుకొనినను ఏ పూసయు కదలదు. వెన్ను కఱ్ఱవలె బిగిసియుండును. బెర్లిన్ నగరమున రెమాక్ అను శాస్త్రజ్ఞుడు కోడిగ్రుడ్లలోని పిండములను పరిశీలించి ఈ పునర్విభాగమును 1855 నాటికే వ్రాసియుంచెను.

ఇక మెడలోని మొదటి ఖండముయొక్క పైసగము తనకు పైనున్న నాల్గవ తలఖండముతో కలిసి పుఱ్ఱెకు పోవుచున్నది. మహారంధ్రపు అంచును, మేము పైని చెప్పిన రెండు మిట్టలును, ఇరుసుపూస కొనయొక్క చివరి మొనయు ఆ భాగమునుండి వచ్చినవే. అందువలననే మెడకు ఒక పూస తక్కువైనది. మెడనుండి బయలుదేరు నాడుల జతలు మాత్రము పూర్వపు లెక్కప్రకారము ఎనిమిదియే మిగిలియున్నవి. ఇక అట్లాసు దేహము? అది అట్లాసును విడిచి, క్రిందనున్న పూసతో అతుకుకొని, పైకి లేచిన పన్నుగా మారినది. అనగా అట్లాసు ఏ యిరుసుచుట్టు తిరుగుచున్నదో ఆ యిరుసు ఒకప్పుడు తన దేహమే. తన సొత్తు పొరుగింట పెట్టి దానిచుట్టు ప్రదక్షిణము చేయుచున్నదని చెప్పవచ్చును.

తలఖండముల జాడ మఱియొకచోట కూడ కనబడును. నాలుకను కదలించు నాడి పుఱ్ఱె వెనుకభాగమున ఒక చిన్న రంధ్రముగుండ బయటికి వచ్చుచున్నది. పూసల నడుమనుండి నాడులు వచ్చునట్టి సందే అది; పూసలు కావలసినవి అతుకుకొని ఒకే యెముక యగుటచే సందు రంధ్రముగా మిగిలినది. నాలుక కండరములును ఆ ఖండములనుండియే బయలుదేరి ముందుకు ప్రాకి నోటిలోనికి చేరినవి. మాటలాడునపుడెల్ల మనము మెడవెనుకనుండి వచ్చిన కండరములనే కదలించుచున్నాము.

జర్మను కవి గేటే 1790లో వెనిస్ నగరమున ఒక గొఱ్ఱె పుఱ్ఱె పగిలియుండుట చూచి, పుఱ్ఱె యంతయు వెన్నుపూసల మార్పే యని యూహించెను. ఓకెన్ అను పండితుడు 1807లో అదే మాటను బోధించెను. అర్ధశతాబ్దము అది గొప్ప సిద్ధాంతముగా చెలామణి యయ్యెను. 1858లో ఇంగ్లండున హక్స్‌లీ పిండముల సాక్ష్యము చూపి దానిని ఖండించెను. నేడు చూడగా కవి యూహ ముందుభాగమునుగూర్చి తప్పు, వెనుకభాగమునుగూర్చి ఒప్పు. ఈ హద్దును స్పష్టముగా గీసినవారిలో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞురాలు నికోల్ ల దువారె ముఖ్యురాలు. కౌజుపిట్ట కణములు కోడి కణములలో కలిసినను సూక్ష్మదర్శినిలో గుర్తుపట్టవచ్చునని ఆమె 1969లో కనుగొని, కౌజుపిట్ట పిండములోని తునుకలను కోడి పిండములో నాటి, ఏ కణము ఏ యెముకగా మారునో కనిపెట్టు మార్గము చూపెను. పుఱ్ఱె పీటలో నోటోకార్డు చేరినంత మేర వెన్నువంటి సరకుతోను, దానికి ముందున్న భాగము నాడీనాళపు అంచులనుండి వలసవచ్చిన కణములతోను కట్టబడినదని ఈ మార్గముననే తేలినది.

ఇంతవఱకు ఎముకల మాట. ఎముకలకు ముందు, వానిలోపల నుండవలసిన నాడీనాళము మూసికొనవలెను. మేము మొదట చెప్పిన అక్కఱగల విషయ మిదియే గనుక చదువరులు దీనిని నిదానముగా చదువవలెనని కోరుచున్నాము.

నోటోకార్డునకు పైనున్న పొర దళసరియై, దాని రెండంచులును పైకి లేచి, కజ్జికాయ అంచులు మడిచి యొత్తినట్లు ఒకదానితో నొకటి అతుకుకొని గొట్టమగును. ఈ గొట్టమే మెదడును, వెన్నుపామును. అతుకు మొదట పడునది ఎచ్చటనో తెలియునా? తలయు మెడయు కలియబోవు చోటనే. సుమారు 22వ దినమున అచ్చట అంచులు తాకును. అచ్చటినుండి ఒక అతుకు పైకిని, ఒకటి క్రిందికిని సాగును. తలవైపు ద్వారము సుమారు 25వ దినమునను, నడుమువైపు ద్వారము సుమారు 28వ దినమునను మూసికొనును. అప్పటికి పిండము పొడవు సుమారు 4 మిల్లీమీటర్లు, వడ్లగింజలో సగము.

తలవైపు ద్వారము మూసికొననిచో మెదడు పైభాగమును, పుఱ్ఱె పైకప్పును ఏర్పడవు, పీటయు వికృతమగును. అట్టి బిడ్డ బ్రతుకదు. క్రిందివైపు మూసికొననిచో వెన్నుపూసల వెనుకభాగము తెఱచియుండి నాడులు దెబ్బతినును. అట్టి బిడ్డలు శస్త్రచికిత్సతో బ్రతుకుదురు గాని అనేకులకు నడకయు, మూత్రవిసర్జనయు కష్టమగును. వారిలో అనేకులకు మెదడు వెనుకభాగము మహారంధ్రముగుండ మెడలోనికి దిగియుండును. నడుమువద్ద తెఱచియున్న ద్వారమునకు మెడవద్ద ఫలము కనబడుట చూడుడు.

ఇప్పుడు లెక్క చూతము. నెలసరి సక్రమముగా వచ్చు స్త్రీకి గర్భము నిలిచిన సుమారు 14వ దినమున నెల తప్పును. 28వ దినమనగా నెల తప్పిన రెండు వారములు. నాలుగు రోజులు అటునిటు అగుట సహజమే యని ఊరకుండు కాలమది. అనేకులకు వేవిళ్లయినను అప్పటికి సరిగా మొదలుకావు. ఇంటిలో పెద్దలకు చెప్పి, మంచిరోజు చూచి, డాక్టరునొద్దకు పోవుసరికి రెండవ నెలయో మూడవ నెలయో వచ్చును. అప్పటికి ఆ ద్వారములు మూసికొనియుండవలెను. మూసికొననిచో ఇక మూసికొనవు. గర్భిణీస్త్రీకి మందులు, పాలు, పండ్లు అని మనము చేయు హడావుడి యంతయు ఈ యొక్క విషయమున ఆలస్యమే.

ఈ ద్వారములు మూసికొనుటకు సాయపడు పదార్థ మొకటి కలదు. దాని చరిత్రలో మన తెలుగువానికి గొప్ప చోటున్నది. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టలమిల్లుల కూలిస్త్రీలు గర్భవతులైనపుడు వారికి కలుగు తీవ్రమైన పాండురోగమును పరిశీలించెను. మార్మైటు అను ఈస్టుసారము చవుకగా దానిని నయము చేయుచున్నదని 1931లో ప్రకటించెను. అందలి గుణమిచ్చు వస్తువేదో అప్పటికి తెలియదు. 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూరనుండి దానిని కొంత వేఱుచేసి, ఆకు అను నర్థముగల లాటిను మాటనుబట్టి ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టిరి. దానిని 1945లో ప్రయోగశాలలో తయారుచేసి లోకమునకు అందించినది లెడర్లీ సంస్థలో పరిశోధనకు అధిపతియైన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము. 1895లో భీమవరమున పుట్టి, స్ప్రూ అను గ్రహణివ్యాధిచే సోదరుని కోల్పోయిన ఆయన చేతిమీదుగనే ఆ వ్యాధికిని పనిచేయు మందు వెలువడినది. పసిపిండముల నాడీనాళమునకు అది రక్షయగునని ఆయన ఎఱుగరు. 1948లోనే ఆయన గతించిరి.

ఆ సంగతి తెలియుటకు ఇంకను నలువదియేండ్లకు పైగా పట్టినది. 1965లో ఇంగ్లండున హిబ్బర్డ్, స్మిథెల్స్ అను వైద్యులు అనుమానము వెలిబుచ్చిరి. 1991లో అది రుజువైనది. ఇట్టి బిడ్డను ఒకమారు కన్న తల్లులను ఏడు దేశములలోని 33 చోట్ల చేర్చుకొని, కొందఱికి గర్భమునకు ముందునుండియే దినమునకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్ల మిచ్చి, దాదాపు అంతేమందికి ఇయ్యక చూచిరి. 27 గర్భములలో ఈ దోషము మరల కనబడినది. వానిలో మందు పుచ్చుకొన్నవారివి 6, పుచ్చుకొననివారివి 21. ఇక ఇయ్యకుండుట అన్యాయమని ఆ పరీక్షను నడుమనే ఆపివేసిరి. అదివఱకు అట్టి బిడ్డ పుట్టనివారికి కూడ ఇది మేలుచేయునని 1992లో హంగేరీ దేశపు పరిశోధన చూపినది. 1998నుండి అమెరికాలో పిండియందే ఫోలిక్ ఆమ్లము కలుపవలెనని శాసనము అమలైనది.

కాబట్టి గర్భము కావలెనని తలచు స్త్రీలు, తలచిననాటినుండియే, మూడవ నెల నిండువఱకు దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము పుచ్చుకొనవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఒకమారు ఇట్టి బిడ్డ కలిగిన తల్లికి అంతకు పదింతలకు తక్కువకాని మోతాదు వలయును. దానిని వైద్యుని చీటీపైననే పుచ్చుకొనవలెను. మన ఆరోగ్యకేంద్రములలో గర్భిణులకు దినదినము ఇచ్చు ఇనుపబిళ్లలలో ఫోలిక్ ఆమ్లమున్నమాట నిజమే. అవి నాల్గవ నెలనుండి ఆరంభమగును. తల్లి రక్తమునకు అవి యెంతయు అవసరము, మానరాదు. నాడీనాళమునకు మాత్రము అవి పెండ్లి యైన పిమ్మట వచ్చిన మేళము. 2018లో మొదలైన రక్తహీనతా నివారణ పథకమున, గర్భముతో నిమిత్తము లేకుండ సంతానము కలుగు వయస్సుగల స్త్రీలకు వారమునకొకటి చొప్పున ఇచ్చు బిళ్లయు కలదు. అది ఆశావర్కరునొద్ద దొరకునపుడు మొగమాటపడి వదలుకొనవలదు.

ఆకుకూరలు తినుచున్నాము గదా యని కొందఱు తలపవచ్చును. తోటకూర, పాలకూర, పెసలు, శనగలు, మినుములు వీనిలో ఈ పదార్థము కలదు. కాని అది నీటిలో కరగునది, వేడికి చెడునది. ఆకుకూరను తరిగిన పిమ్మట కడిగి, చాలసేపు ఉడికించి, నీరు వార్చి పాఱబోసినచో అందలి పెద్దభాగము తూములోనికే పోవును. కడిగి తరుగుట, కొద్దినీటితో మూతపెట్టి మగ్గించుట మంచిది. అట్లు వండినను ఆహారముమీదనే ఆధారపడుట చాలదని వైద్యుల నిర్ణయము. పెండ్లికి చీరలును నగలును నెలలతరబడి ఎంచువారు ఈ చవుకబిళ్లల మాట యెత్తుటకు సిగ్గుపడుట మాకు బోధపడకున్నది. బిడ్డ ఎప్పుడు కావలెనో దంపతుల యిష్టము. బిళ్ల పుచ్చుకొనుట బిడ్డకొఱకు తొందరపెట్టుట కాదని అత్తగార్లు కూడ గ్రహింపవలెను.

గర్భమునకు ముందే వైద్యునితో మాటలాడవలసినవారు మఱికొందఱు కలరు. మధుమేహముగలవారు రక్తములోని చక్కెరను ముందుగనే అదుపులోనికి తెచ్చుకొనవలెను. మూర్ఛకు వాల్‌ప్రోయేటు అను మందు పుచ్చుకొనువారు దానిని తమంతట తాము మానక, వేఱు మందు కుదురునేమో ముందుగా అడుగవలెను. ముఖముమీది మొటిమలకు వాడు ఐసోట్రెటినోయిన్ మాత్రలు ఏ విటమిను జాతివి? ఎ-విటమిను జాతివి. పిండములో ఏ ఖండము ఏ పూస కావలెనో నిర్ణయించు సంకేతములలో అదే జాతి పదార్థమొకటి పాల్గొనుచున్నది. 1991లో ఎలుకలపై చేసిన పరిశోధనలో గర్భకాలమున దానిని అధికముగా ఇయ్యగా పూసల గుర్తులే మాఱిపోయినవి. కాబట్టి ఈ మాత్రలు వాడుచున్న కాలమునను, మానిన పిమ్మట ఒక నెలవఱకును గర్భము రాకుండ చూచుకొనవలెను. ఇంటిలో అక్క వాడి మిగిల్చిన మాత్రలను చెల్లెలు వాడుట మేమెఱుగుదుము. ఇది మాత్రము ఆ వరుసలోనిది కాదు.

ఇక నింద మాట. అంగవైకల్యముగల బిడ్డ పుట్టినపుడు మన యిండ్లలో మొదట వెదకునది తల్లి తప్పు. గ్రహణమునాడు కత్తిపీట ముట్టినదనియు, వలదన్న పండు తిన్నదనియు, మెట్లు దిగునపుడు కాలు జాఱినదనియు పంచనామా సాగును. గ్రహణము ఐదవ నెలలో వచ్చినదందురు. నాడీనాళము మూసికొనుట మొదటి నెలలోనే ముగిసినదని పైన చూచితిమి. ఐదవ నెల కత్తిపీట మొదటి నెల పనిని చెఱుపజాలదు. అట్లని, ఫోలిక్ ఆమ్లము మ్రింగలేదు గనుక నీవే కారణమని కోడలిని నిందించుటకు మా వ్యాసమును సాక్ష్యముగా తేవలదు. 1991 పరీక్షలో మందు పుచ్చుకొన్న తల్లులలో సైతము ఆరుగురికి దోషము కలిగినది. పూసలు విడివడక అతుకుకొనిపోవుటయు, అట్లాసు పుఱ్ఱెతో కలిసిపోవుటయు వంటి దోషములు అనేకము ఏ బిళ్లకును లొంగవు. వానికి కారణము తల్లి చేసినదియు కాదు, చేయనిదియు కాదు.

తండ్రినుండి వచ్చునదియు నొకటి చెప్పెదము. పుఱ్ఱె పైకప్పు పొరనుండి నేరుగా ఎముక యగును; పీట మాత్రము మొదట మృదులాస్థిగా ఏర్పడి తరువాత ఎముకగా మాఱును. మృదులాస్థి ఎదుగుదల కుంటుపడు మఱుగుజ్జుతనము ఒకటి కలదు. దానిలో పైకప్పు చక్కగా పెరిగి పీట చిన్నదియగుటచే నుదురు ముందుకు వచ్చును, మహారంధ్రము ఇరుకగును. ఇట్టి పిల్లలలో నూటికి సుమారు 80 మంది సామాన్యమైన యెత్తుగల తలిదండ్రులకు పుట్టినవారే. అప్పుడు ఆ మార్పు దాదాపుగా తండ్రి బీజమునందే క్రొత్తగా కలుగుచున్నదనియు, తండ్రి వయస్సుతో దాని సంభవము పెరుగుచున్నదనియు తేలినది. ఇందులోను ఎవరి తప్పును లేదు. అట్టి శిశువు తల వెనుకకు వాల్చి గురకపెట్టుచున్నను, నిద్రలో ఊపిరి ఆగుచున్నను వెంటనే పెద్ద వైద్యునికి చూపవలెను.

బిడ్డ పుట్టినపుడు ఈ కీలు ఏ స్థితిలో నుండును? పుఱ్ఱె వెనుక ఎముక నాలుగు ముక్కలుగా నుండి, 6, 7 ఏండ్లకుగాని పూర్తిగా ఒకటి కాదు. అట్లాసు ముందుభాగము సాధారణముగా ఇంకను మృదులాస్థియే. మొదటి సంవత్సరమున ఎముక కాసాగును. ఇరుసుపూస పన్ను దేహముతో అతుకుకొనునది 3 మొదలు 6 ఏండ్ల లోపల. దాని కొనమొన అతుకుకొనునది సుమారు 12వ యేట. తలయో, శిశువు పొడవులో నాలుగవవంతు. ఇంత బరువును ఇంత లేతకీలుపై నిలుపవలసియున్నది. కాబట్టి నీళ్లుపోయు మంత్రసానియైనను, అమ్మమ్మయైనను మెడ నిలువని బిడ్డ మెడను విఱుచుట, కాళ్లు పట్టి తలక్రిందులుగా ఊచుట మానవలెను. నూనెతో మెల్లగా మర్దించుటకు మా అభ్యంతరము లేదు. ప్రసవమున సాగిన తల కొద్దిదినములలో తనంతట తానే సర్దుకొనును. గుండ్రముగా చేయుటకు ఒత్తనక్కఱలేదు. డౌన్ లక్షణముగల పిల్లలలో కొందఱికి అట్లాసు కీలు కట్టు వదులుగా నుండును. వారు పల్టీలు కొట్టు ఆటలలో చేరుటకు ముందు వైద్యుని అడుగుట మేలు. నడక తడబడినను, మెడ నొప్పియని ఒకవైపే వంచియుంచినను అశ్రద్ధ చేయరాదు.

పుఱ్ఱె పీటలో అన్నిటికంటె ఆలస్యముగా పూడునది, మేము పైని చెప్పిన హద్దునకు కొంచెము వెనుకనున్న అతుకు. అదియున్నంతకాలము పీట పొడవు పెరుగుచు, దానితోబాటు ముఖమును ముందుకు సాగుచుండును. ఆడపిల్లలకు సుమారు 11 మొదలు 14 ఏండ్ల నడుమ అది మూసికొనసాగును. మగపిల్లలకు రెండేండ్లు ఆలస్యముగా. మొదటి నెలలో లాగిన త్రాడు వెంట మొదలైన కట్టడము అప్పటికి ముగియును. నోటోకార్డు జాడ మాత్రము వెన్నుపూసల నడుమనున్న మెత్తని బిళ్లల లోపల మిగిలియుండును.